మంచు ఎప్పుడూ ‘సరే’ అనదు

రెండు మూడు సీజన్లు రిసార్టుల్లో స్కీయింగ్ చేశారు. బ్లూ రన్లు దాటి బ్లాక్ డైమండ్ల దాకా వచ్చారు. లిఫ్టు దగ్గర క్యూ, శనివారం పార్కింగ్ తంటా, టికెట్ల రేట్లు చూసి విసుగెత్తింది. ఆఫీసులో ఎవరో ‘బ్యాక్‌కంట్రీకి రా, అక్కడ మనిషనేవాడు కనపడడు’ అన్నారు. వాలు ఎక్కడానికి స్కీల అడుగున అంటించే స్కిన్లు, కొత్త బైండింగులు కొనేశారు. రెడ్‌మండ్ నుంచి స్నోక్వాల్మీ పాస్ ఎంత దూరం? ట్రాఫిక్ లేకపోతే గంట. ఇంకేం కావాలి?

ఒకటి కావాలి. రిసార్టులో మీరు నిద్రలేవకముందే స్కీ ప్యాట్రోల్ వాళ్లు వెళ్లి, అనుమానం ఉన్న వాలుల మీద పేలుడు పదార్థాలు పెట్టి, జారేదేదో ముందే జార్చేస్తారు. నమ్మకం కుదరని చోట తాడు కట్టేస్తారు. అంటే ఇన్నాళ్లూ మీ తరఫున ‘అటు వద్దు’ అనే పని వేరొకరు చేసిపెట్టారు. తాడు దాటిన క్షణం నుంచి ఆ పని మీదే.

అమెరికాలో ఏటా సగటున పాతిక ముప్ఫై మంది అవలాంచ్‌లలో, అంటే మంచు చరియలు జారి, చనిపోతున్నారు. ఆ ప్రమాదాల్లో దాదాపు పదింట తొమ్మిదిసార్లు చరియను కదిపింది ఎవరనుకున్నారు? చనిపోయినవాళ్లే, లేదా వాళ్లతో వెళ్లినవాళ్లు. ఈ లెక్క మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మనం కదిపితే కదిలేదాన్ని కదపకుండా వదిలేయడమూ మన చేతిలోనే ఉందిగా!

అసలు జారేదేమిటో ఒక్క నిమిషంలో చూసి ముందుకు వెళ్దాం. కొండ మీద మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. పైన ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడిన పొర, అంటే శ్లాబు. దాని అడుగున పట్టులేని పొర ఒకటి. వాలు చాలినంత ఏటవాలుగా ఉందా, మన బరువు పడితే చాలు. పగులు ఆ పట్టులేని పొర వెంట రెప్పపాటులో పాకిపోతుంది. శ్లాబు తెగేది మన కాళ్ల కింద కాదు, చాలాసార్లు మనకంటే ఎంతో పైన. అందుకే ‘కదిలితే పక్కకు తప్పుకుంటాలే’ అన్న ధైర్యం పనికిరాదు.

1. ముందురోజు రాత్రే బులెటిన్ చదవండి, చివరిదాకా

వాషింగ్టన్ రాష్ట్రంలో అవలాంచ్ ముప్పు మీద బులెటిన్ ఇచ్చే పని నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్‌ది. సీజన్‌లో మర్నాటి బులెటిన్ సాయంత్రానికి వచ్చేస్తుంది. కొలరాడోకు, యూటాకు వేరే సెంటర్లున్నాయి. అన్నీ ఉచితం. మనవాళ్లు చేసేదేమిటంటే, ఫోన్ తెరిచి, రంగు చూసి, అంకె చూసి, మూసేయడం.

ఆ అంకె ఒకటి నుంచి ఐదు దాకా ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో సంభాషణ ఎలా సాగుతుందో మీకు తెలిసిందే.

‘రేపు త్రీ అంటున్నాడు రా.’

‘ఐదుకు మూడే కదన్నా, మధ్యస్థం. వెళ్లొచ్చేద్దాం.’

మూడు మధ్యస్థం కాదు. అవి మార్కులు కావు. మూడు అంటే, చరియలు వాటంతటవి జారవచ్చు, మనిషి వెళ్తే జారే అవకాశమే ఎక్కువ అని. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ముప్పు ఒక పాలు పెరగదు, రెట్లలో పెరుగుతుంది. నాలుగో, ఐదో ఉన్న రోజు ఎటూ జనం ఇంట్లో కూర్చుంటారు. ప్రాణాలు ఎక్కువగా పోయేది ‘మూడే కదా’ అనుకున్న రోజుల్లోనే. మరి రెండైతే? మనిషి వల్ల జారడం అప్పుడూ సాధ్యమే, కాకపోతే కొన్ని ప్రత్యేకమైన చోట్ల. ఆ చోట్లేవో తెలియాలంటే అంకె కింద ఉన్నదంతా చదవాల్సిందే.

ఏం చదవాలి? ఏ ఎత్తులో ముప్పు, ఏ దిక్కుకు తిరిగిన వాలుల మీద, ఏ రకం సమస్య. ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. ‘తూర్పు, ఈశాన్యం, చెట్లు పలచబడిన చోటు నుంచి పైకి, విండ్ శ్లాబు’ అని రాసుకున్నారనుకోండి. పడమటి గాలి మంచును శిఖరం దాటించి తూర్పు వైపు పోస్తోందని దానర్థం. ఆకాశం నుంచి పడే మంచుకంటే పదిరెట్ల వేగంతో గాలి మంచును తెచ్చి ఒకచోట పోగుచేయగలదు. పార్కింగ్ దగ్గర నాలుగంగుళాలే పడిందని నిశ్చింతగా ఉంటే, రిడ్జ్ వెనక మూడడుగులు పేరుకుని ఉండొచ్చు.

సియాటిల్ నుంచి డెన్వర్‌కు ఉద్యోగం మారినవాళ్లకు ఇక్కడో మాట. క్యాస్కేడ్ కొండల్లో చలి మరీ ఎక్కువ కాదు, మంచు మాత్రం దండిగా, తడిగా పడుతుంది. తుపాను వెలిసిన కొన్ని రోజులకు మంచు చాలావరకు సర్దుకుంటుంది. కొలరాడోలో అలా కాదు. అక్కడ సీజన్ మొదట్లో పలచగా పడిన మంచు, చలికి పట్టు కోల్పోయి, అడుగున వారాలు, నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. దాని మీద ఎంత పడినా పునాది అదే. ‘తుపాను వెలిసి మూడ్రోజులైంది, ఇక ఫర్వాలేదు’ అన్న సియాటిల్ లెక్కను అక్కడికి పట్టుకెళ్లకండి. అవలాంచ్ మరణాలు అన్ని రాష్ట్రాలకంటే కొలరాడోలోనే ఎక్కువ.

2. మంచు సంగతి తెలియనప్పుడు కోణాన్ని నమ్ముకోండి

మంచు లోపల ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియదు. వాలు ఎంత ఏటవాలో మాత్రం కొలిచి చెప్పొచ్చు. శ్లాబులు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య, అందులోనూ 38 అటూ ఇటూ. చిక్కేమిటంటే, స్కీయింగ్‌కు మహా సరదాగా ఉండేదీ సరిగ్గా అదే కోణం.

కాల్‌టోపో వంటి మ్యాపుల్లో వాలు కోణాన్ని రంగులతో చూపించే సదుపాయం ఉంది. రాత్రి ఇంట్లో కూర్చుని, ఎక్కే దారి, దిగే దారి రెండూ దాని మీద గీసి చూడండి. బులెటిన్ మూడు అన్న రోజు 30 దాటిన రంగేదీ మీ గీతకు తగలకూడదు. గీత మీదే కాదు, దాని పైన కూడా. మీరు నడిచేది చదునే కావచ్చు, నెత్తిన 38 డిగ్రీల వాలు వేలాడుతుంటే కింద నిలబడ్డ మీ బరువుతోనే అది తెగగలదు. మ్యాపు చిన్నచిన్న గుట్టల్ని మింగేస్తుంది కాబట్టి అక్కడికి వెళ్లాక క్లినోమీటర్‌తో మళ్లీ కొలవండి. కంటి అంచనా మాత్రం వద్దు. అందులోనూ కోరిక కలిసిన కన్ను 35ను 28గా చూస్తుంది.

చెట్ల మధ్య ఉంటే భద్రమేగా అంటారా? మీరు హాయిగా స్కీ చేసుకుంటూ పోగలిగినంత ఎడం ఆ చెట్ల మధ్య ఉంటే, మంచు చరియ కూడా పోగలదు. పైగా మిమ్మల్ని తీసుకెళ్లి ఆ చెట్లకే కొడుతుంది.

3. ఎక్కేటప్పుడు కబుర్లు కాస్త తగ్గించండి

కొండ కొన్ని మాటలు పైకే చెబుతుంది. వినపడిన రోజు ఏ పరీక్షా అక్కర్లేదు. అదే దిక్కుకు తిరిగిన పక్క వాలు మీద నిన్నో ఇవాళో జారిన చరియ కనపడిందా? స్కీ ముందు నుంచి మంచులో గీత గీసినట్టు పగులు దూసుకెళ్లిందా? కాలు వేయగానే చుట్టూ ఉన్న మంచంతా ‘వుంఫ్’ మని కుంగిందా? ఈ చప్పుడు ఒక్కసారి వింటే మరిచిపోరు. పట్టులేని పొర మీ కింద విరిగింది, వాలు లేదు కాబట్టి జారలేదు, అంతే. వీటితోపాటు ఒక్క రోజులో అడుగు మందం కొత్త మంచు, రిడ్జ్ మీద పొగలా లేస్తున్న మంచు, చలికాలం మధ్యలో హఠాత్తుగా కాసిన ఎండ, వాన. ఇందులో ఏదైనా సరే ఏటవాలును ఆ పూటకు మరిచిపోవడానికి చాలు.

అప్పుడప్పుడూ వంగి మంచును చేతిలోకి తీసుకోండి. సీజన్ మొదటి నాటి అడుగు మంచైతే రేణువులు పెద్దవిగా, అంచులు తేలి, మెరుస్తుంటాయి. గ్లౌజు పిడికిలి ఎంత బిగించినా ఉండ కట్టదు, వేళ్ల సందుల్లోంచి రాలిపోతుంది. స్కీయర్లు దాన్ని షుగర్ స్నో అనే అంటారు. ఇంకొకటి సర్ఫేస్ హోర్. మబ్బులేని చలిరాత్రి మంచు మీద ఈకల్లాంటి పలుకులు మొలుస్తాయి. పొద్దుటి ఎండలో తళతళలాడుతుంటే అందరూ ఫోన్లు తీస్తారు. పైన ఉన్నన్నాళ్లు దాంతో పేచీ లేదు. దాని మీద రెండడుగులు కొత్త మంచు పడి, కింద ఆ ఈకలు అలాగే నిలబడి ఉన్నప్పుడే గొడవంతా. కాబట్టి ఫొటోతోపాటు తేదీ, ఎత్తు, దిక్కు కూడా నోట్ చేసుకోండి. తర్వాతి తుపాను వెలిశాక ఆ ఫొటో పనికొస్తుంది.

4. గొయ్యి తవ్వండి, కానీ దాన్ని అనుమతి అడక్కండి

కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ఇది మహా ఇష్టమైన ఘట్టం. పార తీసి, నాలుగైదు అడుగుల గొయ్యి తవ్వి, గోడను నునుపుగా చెక్కి, పొరల్ని వేలితో నొక్కి చూస్తారు. ఆ తర్వాత ఎక్స్‌టెండెడ్ కాలమ్ టెస్ట్. 90 సెంటీమీటర్ల వెడల్పు, వెనక్కి 30 సెంటీమీటర్లు ఉన్న మంచు దిమ్మను వెనకా పక్కలా కోసి విడదీస్తారు. ఒక చివర పార బిళ్ల పెట్టి, మణికట్టు ఊపుతో పది దెబ్బలు, మోచేతి ఊపుతో పది, భుజం ఊపుతో పది. ఏదో ఒక దెబ్బకు పగులు పుట్టి, అదే దెబ్బకో తర్వాతి దెబ్బకో ఈ చివర నుంచి ఆ చివరకు పాకిందంటే, ఆ వాలు మీద కూడా పాకగలదని చెప్పినట్టే. సామాను సర్దుకోండి.

మరి పగులు పాకకపోతే?

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ‘ముప్ఫై దెబ్బలు కొట్టాం, ఏమీ కాలేదు, గో!’ మీరు పరీక్షించింది బల్లంత చోటు. దిగబోయేది ఎకరాల వాలు. పదడుగుల అవతల శ్లాబు పలచగా ఉండి, అడుగు పొర మీ బరువుకు అందేంత దగ్గరగా ఉండొచ్చు. బులెటిన్ మూడు అని, పక్క వాలు జారి కనపడుతుండగా, మీ గొయ్యి ఒక్కటి ‘ఏం ఫర్లేదు’ అంటే ఎవరి మాట నమ్ముతారు? నన్నడిగితే గొయ్యికి ఒక్కటే అధికారం ఇవ్వాలి, ప్లాన్ రద్దు చేసే అధికారం. రాత్రి ఇంట్లో వద్దనుకున్న వాలును మధ్యాహ్నం గొయ్యి చూసి తెరవకూడదు. రాత్రి సరేననుకున్న వాలును మాత్రం గొయ్యి చూసి మూసేయొచ్చు. కొండ మీద చేసే ప్రతి పరీక్షకూ ఇదే నియమం పెట్టుకోండి. అలసట, సరదా, నలుగురి ఒత్తిడి, అన్నీ అక్కడే ఉంటాయి. ఇంట్లో కాఫీ కప్పు ముందు తీసుకున్న నిర్ణయానికి ఆ జబ్బులేవీ లేవు.

తవ్వే చోటు గురించి కూడా: దిగబోయే వాలు దిక్కునే, దాదాపు అదే ఎత్తులో, కానీ జారినా మిమ్మల్ని లాక్కుపోని చిన్న వాలు మీద తవ్వండి. ప్రమాదకరమైన వాలు నడిమధ్య నిలబడి అది ప్రమాదకరమా అని పరీక్షించేవాళ్లు ఉన్నారు!

5. మీ బృందంలో ‘వద్దు’ ఎవరంటారు?

2012 ఫిబ్రవరి 19న సియాటిల్‌కు తూర్పున ఉన్న స్టీవెన్స్ పాస్ రిసార్టు సరిహద్దు అవతల, టన్నెల్ క్రీక్ అనే చోట ముగ్గురు చనిపోయారు. వాళ్లతో వెళ్లినవాళ్లంతా కలిపి 16 మంది. ప్రొఫెషనల్ స్కీయర్లు, స్కీ పత్రికలవాళ్లు, ఆ కొండను ఏళ్ల తరబడి ఎరిగినవాళ్లు. అంతకుముందు పట్టిన సర్ఫేస్ హోర్, దాని మీద తుపాను మంచు, హెచ్చరించిన బులెటిన్, అన్నీ ఎదురుగానే ఉన్నాయి. న్యూయార్క్ టైమ్స్‌లో జాన్ బ్రాంచ్ దీని మీద రాసిన ‘స్నో ఫాల్’ కథనానికి 2013లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అది చదివితే ఒక సంగతి కలవరపెడుతుంది. గుంపు మరీ పెద్దదైందని కొందరికి అనిపించింది, బయటికి మాత్రం అనలేదు. ఇంతమంది తెలిసినవాళ్లుండగా నేనేంటి చెప్పేది అనుకున్నారు.

ఇక మన గుంపుల సంగతి ఆలోచించండి. వయసులో పెద్దాయనో, ఆఫీసులో సీనియరో, నలుగురినీ పోగుచేసిన అన్నయ్యో ఉంటాడు. ‘అన్నా, నాకెందుకో ఇది బాగోలేదు’ అనడానికి నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి నోరు వస్తుందా? అన్నాడే అనుకోండి, ‘ఏరా, భయమా?’ అని ఒక్క నవ్వు చాలు, మళ్లీ నోరెత్తడు.

అందుకే నియమం ముందే పెట్టుకోండి, కారు దిగకముందే, అందరూ వింటుండగా. ఎవరు వద్దన్నా వద్దు. కారణం అడగకూడదు, ఓటింగ్ లేదు, తర్వాత దెప్పడం లేదు. పెద్దవాడే ఈ మాట మొదట అనాలి. అందరికంటే కొత్తవాణ్ని అందరికంటే ముందు అడగాలి. పెద్దవాడు తన అభిప్రాయం చెప్పేశాక అడిగితే జవాబు ఎటూ ‘మీ ఇష్టం అన్నా’ అనే వస్తుంది.

ఇయాన్ మెకామన్ అనే పరిశోధకుడు అమెరికాలో జరిగిన వందల అవలాంచ్ ప్రమాదాలను పరిశీలించి, మనుషులు పడే ఉచ్చుల్ని వేరుచేశాడు. బాగా తెలిసిన చోటు, అనుకున్నది చేసి తీరాలన్న పట్టు, ఎవరో నిపుణుడున్నాడన్న భరోసా, ముందే పడి ఉన్న స్కీ జాడలు. తెలిసిన చోట్ల అయితే శిక్షణ పొందినవాళ్లు కూడా శిక్షణ లేనివాళ్లంత ముప్పునే తలకెత్తుకున్నారట. స్కీ జాడల సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. ఐదుగురు దిగిన వాలు ఆరోవాడికి జారిన సందర్భాలు ఎన్నో. ఆ ఐదుగురి స్కీలూ పలచని చోట పడలేదు, అంతే.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఎవరో ఒకరు అనే మాట మీరూ వినే ఉంటారు: ‘ఇంత దూరం వచ్చి, సెలవు వాడుకుని, ఒక్క మంచి రన్ కూడా లేకుండానా?’ దీనికి జవాబు అప్పటికప్పుడు తట్టదు. అందుకని రెండో ప్లాన్ రాత్రే రాసిపెట్టుకోండి: 25 డిగ్రీలు దాటని, నెత్తిన ఏమీ లేని మంచి చెట్లవాలు ఒకటి. వద్దన్నాక ఎటు వెళ్లాలో తెలిస్తే వద్దనడం తేలిక.

6. ఒక్కొక్కరుగా వెళ్లండి

అనుమానం కొంచెమైనా ఉన్న వాలు మీద ఒకేసారి ఒక్కరే. మిగతావాళ్లు చరియ దారికి అందని చోట నిలబడి ఆ ఒక్కరినే చూస్తుండాలి. సెల్ఫీలు తర్వాత. కింద ఆగేటప్పుడు కూడా వాలు అడుగున కాదు, పక్కకు బాగా జరిగి ఆగాలి.

7. మూడు వస్తువులు, ఒక్కటి తగ్గినా కారులోనే ఆగండి

ట్రాన్స్‌సీవర్ (మంచు కింద ఉన్నవాళ్ల జాడ చెప్పే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార. మనిషికొక సెట్టు, ‘నీ దగ్గరుందిగా’ అంటే కుదరదు. మీ దగ్గరున్న పార మీకు పనికిరాదు, పక్కవాడికి పనికొస్తుంది. మంచు కింద పూడిపోయినవాళ్లను మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తే ఎక్కువమంది బతుకుతారు. అది దాటితే అవకాశం నిట్టనిలువునా పడిపోతుంది. 911కు ఫోన్ కలిసినా, హెలికాప్టర్ బయల్దేరినా, ఆ లోపు రావడం దాదాపు అసాధ్యం. కాబట్టి కాపాడేది మీవాళ్లే.

మనవాళ్లు తరచు చేసే చిన్న పొరపాటు: ఫోను ఛాతీ జేబులో, ట్రాన్స్‌సీవర్ దాని పక్కనే. ఫోన్లు, హీటెడ్ గ్లౌజులు, కెమెరాలు ట్రాన్స్‌సీవర్ సిగ్నల్‌ను చెడగొడతాయి. సిగ్నల్ పంపుతున్నప్పుడు కనీసం 20 సెంటీమీటర్లు, వెతుకుతున్నప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉండాలి. బయల్దేరే ముందు ఒకరి తర్వాత ఒకరు నడిచి, అందరి సిగ్నలూ అందుతోందో లేదో చూసుకోండి. కొని పెట్టెలోంచి తీయని ట్రాన్స్‌సీవర్‌తో ఎవరినీ వెతకలేరు. పార్కులో ఒకటి దాచిపెట్టి పిల్లల చేత వెతికించండి, వాళ్లతో పోటీపడి మీరూ వెతకండి. ఇక లెవెల్ 1 అవలాంచ్ కోర్సు మూడు రోజుల పని, సీజన్ మొదలయ్యేలోపే నమోదు చేసుకోండి.

8. ‘నాకు స్కీయింగ్ రాదు, స్నోషూలే’ అనేవాళ్లకు

ఇదంతా మీకూ వర్తిస్తుంది. వేసవిలో పిల్లాపాపలతో వెళ్లొచ్చిన, స్నోక్వాల్మీ పాస్‌లో ఆల్పెంటల్ దగ్గరి స్నో లేక్ దారి, చలికాలంలో అవలాంచ్ దారుల కింద నుంచే సాగుతుంది. మంచుకు మీ కాళ్లకు ఏముందో అనవసరం. కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లేవాళ్లకు కూడా ఇదే మాట. అక్కడ గొండోలా మిమ్మల్ని అఫర్వాత్ కొండ మీదకు సునాయాసంగా చేరవేస్తుంది. కష్టపడి ఎక్కలేదు కాబట్టి బ్యాక్‌కంట్రీ అనిపించదు. 2023, 2024 ఫిబ్రవరి నెలల్లో ఆ కొండల మీద అవలాంచ్‌లలో విదేశీ స్కీయర్లు చనిపోయారు. ప్యాట్రోల్ వాళ్లు మూసేసిన చోటుకు గైడ్ తీసుకెళ్తానన్నా వెళ్లకండి.

9. ఇంటికొచ్చాక పది నిమిషాలు

చూసింది అవలాంచ్ సెంటర్ వెబ్‌సైటులో రాయండి. ఎవరైనా రాయొచ్చు, నిపుణులే అక్కర్లేదు. ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ దిక్కు వాలు, కొత్త మంచు ఎంత, పగుళ్లు, చప్పుళ్లు, జారిన చరియలు. ఏమీ కనపడకపోతే అదీ రాయండి, రేపటి బులెటిన్ రాసేవాళ్లకు అదీ సమాచారమే. పగులు ఫొటో పంపేటప్పుడు పక్కన ఒక స్కీ పోల్ నిలబెట్టి తీయండి, శ్లాబు ఎంత మందమో తెలుస్తుంది.